వట్టివేరు: తవ్వాలా, వదిలేయాలా?

మొన్న ఉగాదికి ముందు మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. అద్దంకి వైపు వాడికి ఎకరంన్నర ఉంది. పైభాగం ఏటవాలు ఎర్రనేల, గట్టి వాన పడితే గట్టు కోసుకుపోతుంది. కిందిభాగం పల్లం, ఊరి మురుగుకాలవ వచ్చి అక్కడే ఆగుతుంది. "బావా, వట్టివేరు వేద్దామనుకుంటున్నా. గట్టు నిలబడుద్దంట, మురుగునీళ్ళు శుభ్రమవుతాయంట, ఏడాదిన్నరకి వేళ్ళు తవ్వి అమ్ముకుంటే లక్షలంట. వీడియోలో చూశా" అన్నాడు.

వాడు చెప్పినవాటిలో లక్షల సంగతి పక్కన పెడితే మిగతాదంతా నిజమే. కాకపోతే ఒక్కో పని ఒక్కో చోట జరిగేది. గట్టును పట్టుకునేది ఆ గడ్డి వేరు కాబట్టి దాన్ని తవ్వేస్తే గట్టు ముందుకన్నా గుల్లవుతుంది. మురుగులోని విషాన్ని లాగేదీ ఆ వేరు కాబట్టి దాన్ని తెచ్చి మంచినీళ్ళ కుండలో వేయలేం. వట్టివేరు గురించి వినిపించే మాటలన్నీ విడివిడిగా సరైనవే. అన్నీ కలిపి ఒకే మడిలో వేస్తేనే తప్పవుతాయి. వాడికి ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అవురుగడ్డి ఎక్కడికి పోయింది?

ఈ మొక్క విషయంలో చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. మనకు గడ్డి పేరు పోయి వేరు పేరు మిగిలింది. పాత నిఘంటువుల్లో దీనికి 'అవురుగడ్డి' అనే మాట కనిపిస్తుంది. ఇప్పుడు పచారీ కొట్లో ఆ మాట అంటే వింతగా చూస్తారు. అమరకోశం మాత్రం రెండింటినీ విడదీసింది: గడ్డి వీరణం, దాని వేరు ఉశీరం. తమిళుల వెట్టివేర్ ఫ్రెంచివాళ్ళ నోట్లో వెటివేర్ అయి ఖరీదైన సెంటుసీసాల మీదికి ఎక్కింది. హిందీలో దీన్ని ఖస్ అంటారు. అదే హిందీలో గసగసాలను ఖస్‌ఖస్ అంటారు. ఆ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఆకుపచ్చటి ఖస్ షర్బత్‌ను గసగసాలతో చేస్తారనుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియాయిడిస్. కొన్నేళ్ళ కిందటి పుస్తకాల్లో అయితే వెటివేరియా అని ఉంటుంది. రెండో మాటకు 'జిజానియా లాంటిది' అని అర్థం. జిజానియా ఉత్తర అమెరికా సరస్సుల్లో నీళ్ళలో పెరిగే అడవివరి. అంటే పేరులోనే నీటిగడ్డి ఉంది. చుట్టాలు మాత్రం మనకు బాగా తెలిసినవాళ్ళే: జొన్న, చెరకు, నిమ్మగడ్డి.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తాను. చెరువుగట్టున ఏ పొడుగాటి గడ్డి కనిపించినా వట్టివేరు అనుకోవడం. కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడంచులు తగిలేది తుంగ, అది అసలు గడ్డి జాతే కాదు. గోధుమరంగు కంకి కొవ్వొత్తిలా నిలబడేది జమ్ము. కొల్లేటిలో గోడలా పెరిగే కిక్కిస గడ్డి జాతిదే గానీ దాని వేరుకు వాసన లేదు. వట్టివేరును పోల్చుకోవడానికి నాకు తెలిసిన తేలికైన మార్గం పిలకను కొంచెం పెకలించి, ముదురు వేరును గోటితో గీరి వాసన చూడటమే.

బురదలో పుట్టి మెట్టకొచ్చిన మొక్క

అడవిలో ఇది నదుల అంచుల్లో, వరదనీళ్ళు నిలిచే పల్లాల్లో, బురదనేలల్లో పెరుగుతుంది. మరి అనంతపురం ఎర్రనేలలో కూడా ఎలా బతుకుతుంది?

నీళ్ళు నిలిచిన నేలలో మొక్కకు వచ్చే కష్టం గాలి. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండిపోతే వేరుకు ఊపిరాడదు. మొక్కజొన్నకు నాలుగు రోజులు నీళ్ళు నిలిస్తే పసుపుపచ్చబడేది అందుకే. వట్టివేరు లాంటి నీటిగడ్డుల కణజాలంలో గాలి గదులుంటాయి. ఆకు పీల్చిన గాలి వాటి గుండా వేరు చివరిదాకా దిగుతుంది. అందుకని వారాల తరబడి మునిగినా చావదు.

రెండో సంగతి వేరు దిగే తీరు. మామూలు గడ్డి వేళ్ళు పక్కలకు పాకుతాయి. గరిక అయితే మరీ, నేల మీదా నేల కిందా కాళ్ళు చాపుకుంటూ పోతుంది. వట్టివేరుకు పాకే కాడల్లేవు, పాకే దుంపల్లేవు. సన్నటి వేళ్ళు వేలకొద్దీ నిట్టనిలువుగా దిగుతాయి. నేల వదులుగా, లోతుగా ఉంటే మూడు నాలుగు మీటర్లదాకా కూడా పోతాయి. వరద ఉన్నన్నాళ్ళూ గాలి గదులతో నెట్టుకొచ్చి, వరద పోయి పల్లం నెర్రెలిచ్చాక లోతు తడిని అందుకునే మొక్క ఇది. బురద, కరువు రెండూ చూసే నదీతీరంలోనే పుట్టింది కాబట్టి రెండూ ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది నీడ. మామిడిచెట్ల కింద వేసి "రాలేదండీ" అనేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇక్కడ ఒక చీలిక ఉంది. ఒకే పేరు కింద మన దేశంలో రెండు రకాల వట్టివేరు ఉంది. ఉత్తరాది గంగా యమునా మైదానాల్లో అడవిగా పెరిగేది పూత పూసి, విత్తనం కట్టి, తనంతట తాను వ్యాపిస్తుంది. దక్షిణాదిలో తరతరాలుగా మనుషులు పిలకలు విడదీసి నాటుకుంటూ వచ్చింది సరిగ్గా పూయదు, పూసినా మొలిచే గింజ రాదు. వాటి నూనెలు కూడా ఒకటి కావు. ఒకే తలంలో ఊగే కాంతిని వాటి గుండా పంపితే ఒకటి ఆ తలాన్ని ఎడమకు తిప్పుతుంది, ఇంకోటి కుడికి. ఉత్తరాది నూనెలో ఖుసినాల్ అనే పదార్థం ముఖ్యం. విదేశీ సెంటువాళ్ళు వెతికే వెటివోన్లనే సుగంధ పదార్థాలు దక్షిణాది రకంలో ఉంటాయి. కొనే ముందు ఏ రకమో అడగాల్సింది ఇందుకే. పొలం గట్టున విత్తనం కట్టే రకం వేస్తే అది గట్టు మీదే ఆగుతుందన్న హామీ లేదు. గట్లకు ప్రపంచమంతా వాడేది గింజ కట్టని దక్షిణాది రకాన్నే.

ఆ 'ప్రపంచమంతా' అన్న మాటలో ఒక ప్రమాదం ఉంది. 1990ల్లో రాబర్ట్ ఆడమ్స్ అనే అమెరికా శాస్త్రవేత్త పలు దేశాల నుంచి తెప్పించిన గడ్డి డీఎన్ఏ పోల్చి చూస్తే, దక్షిణాసియా బయట నాటిన వట్టివేరులో అత్యధిక భాగం ఒకే మొక్కకు నకళ్ళని తేలింది. గింజ లేదు కదా, పిలక నుంచి పిలక, దాన్నుంచి ఇంకో పిలక. దాన్ని పట్టే తెగులు ఒకటి పుడితే ఖండాలు దాటి ఒకే తీరుగా పడుతుంది. వైవిధ్యం మిగిలింది మన దగ్గరే, మన అడవి పల్లాల్లోనే.

భరత్‌పూర్‌లో ఏం జరిగింది

ఆ అడవి పల్లాల్లో ఒకటి రాజస్థాన్‌లోని భరత్‌పూర్, కేవలాదేవ్ జాతీయ పార్కు. ఒకప్పుడు అది రాజుల బాతులవేట మైదానం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గేదెలను అందులోకి తోలేవాళ్ళు, గడ్డి కోసుకునేవాళ్ళు, ఖస్ వేళ్ళు తవ్వుకునేవాళ్ళు. 1980ల మొదట్లో జాతీయ పార్కు అయ్యాక, 1982లో పశువుల మేత నిషేధించారు. గేదెలు లేకపోతే పక్షులకు మంచిదని అప్పటి పెద్ద పక్షిశాస్త్రవేత్తలే నమ్మారు. ఊళ్ళు ఎదురుతిరిగాయి. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. గేదెలు తినడం మానేసిన గడ్డి నీటిని కప్పేసింది. తేటనీరు తగ్గింది, బాతులకు దిగే చోటు తగ్గింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ళ తరబడి అధ్యయనం చేసి, గేదెలు ఆ చిత్తడినేలకు మేలే చేస్తున్నాయని తేల్చింది. నిషేధాన్ని మొదట సమర్థించిందీ ఆ సంస్థే. తన మాటను తానే దిద్దుకోవడం సామాన్యం కాదు, అందుకే ఈ కథ నాకు ఇష్టం.

ఖస్ విషయంలో ఊరివాళ్ళు ఇంకో వాదన కూడా చేశారు. మేం వేళ్ళు తవ్వినంతకాలం నేల వదులుగా ఉండేది, సైబీరియా కొంగలు ముక్కుతో దుంపలు తవ్వుకునేవి, మమ్మల్ని ఆపాక నేల గట్టిపడింది, కొంగలు రావడం మానేశాయి అని. 2002 తర్వాత ఆ కొంగలు భరత్‌పూర్‌లో కనిపించని మాట నిజం. దారిలో వేట, నీటి కొరత లాంటి పెద్ద కారణాలున్నాయి కాబట్టి ఖస్ ఒక్కదానికే దాన్ని అంటగట్టలేం. అయినా ఆ వాదనను కొట్టిపారేయాలని నాకు అనిపించదు. పల్లపు చిత్తడిలో, వరద మట్టి ఏటా వచ్చి పడే చోట, చేత్తో అక్కడక్కడా వేరు తవ్వితే నేల కొట్టుకుపోదు. ఏటవాలు మీద అదే పని చేస్తే కథ వేరు. ఆ తేడాకు హైతీ ఉదాహరణ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఉత్తరాది అడవి వేళ్ళు చేరేది ముఖ్యంగా ఉత్తరప్రదేశ్‌లోని అత్తర్ల ఊరు కన్నౌజ్. అక్కడ డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో వేళ్ళు వేసి, నీళ్ళు పోసి, మూతను మట్టితో బిగించి, కింద కట్టెల మంట పెడతారు. వచ్చే ఆవిరిని నీళ్ళలో కూర్చోబెట్టిన ఇంకో పాత్రలోకి పట్టి చల్లారుస్తారు. ఖస్ మొండిది, మల్లెలా పూటలో దిగిపోదు. రోజంతా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే మరగాలి. అలా వచ్చిన నూనెకు, రూహ్ ఖస్ అంటారు దాన్ని, లేత ఆకుపచ్చ రంగు ఉంటుంది. ఆ పచ్చదనం వేరుది కాదు, రాగి పాత్రది. స్టీలు పాత్రలో తీస్తే అదే నూనె పసుపు, గోధుమరంగుల్లో ఉంటుంది. షర్బత్ సీసాలోని చిలకపచ్చ సంగతి ఇక మీకే అర్థమై ఉంటుంది.

గట్టు మీద

వట్టివేరును నేలకోతకు మందుగా ప్రపంచానికి పరిచయం చేసింది ప్రపంచబ్యాంకు అని చాలాచోట్ల రాస్తారు. అది సగం నిజం. జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే ఆయన 1950ల్లో ఫిజీలో చెరకు తోటల వాలుల మీద దీన్ని వరుసలుగా నాటించాడు. 1980ల్లో ఆయనా, రిచర్డ్ గ్రిమ్‌షా అనే ఇంకొకాయనా ప్రపంచబ్యాంకు తరఫున భారత్‌లో వర్షాధార వాటర్‌షెడ్ పనులు చూస్తూ ఇదే చిట్కా ఇక్కడ పెట్టారు. హైదరాబాద్ పక్కన మహేశ్వరం ఆ ప్రాజెక్టు ప్రాంతాల్లో ఒకటి. తీరా చూస్తే మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరాలుగా పొలం సరిహద్దుల్లో ఇదే గడ్డి వరుసలు పెంచుతున్నారు. లేత ఆకు కోసి పశువులకు వేస్తూ, వరుస ఒత్తుగా ఉండేలా చూసుకుంటూ. ఫిజీ నుంచి తెచ్చిన ఆలోచన మన పక్క రాష్ట్రంలోనే ఉందన్నమాట. థాయ్‌లాండ్‌లో 1991 నుంచి స్వయంగా రాజు భూమిబల్ పూనుకోవడంతో కొండవాలులు, రోడ్డు కటింగులు దీనితో నిండిపోయాయి.

ఇది గట్టును ఆపే తీరు చాలామంది అనుకునేది కాదు. వేరు మట్టిని పట్టుకోవడం సగం పనే. పోగుల తెగని బలం సగటున మామూలు స్టీలులో ఆరోవంతు ఉంటుందని కొలిచారు కాబట్టి ఆ సగమూ తక్కువేం కాదు. మిగతా సగం పైన ఉంది. నిటారుగా, బిరుసుగా, ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డ కాడలు వాననీటి వేగాన్ని తగ్గిస్తాయి. నీళ్ళు జల్లెడలో పడ్డట్టు మెల్లగా దిగుతాయి, మట్టి వెనక ఆగిపోతుంది. ఏటా ఆ మట్టి కాస్త పేరుకుంటే, మొక్క కొత్త కణుపుల దగ్గర కొత్త వేళ్ళు వేసుకుని తనూ పైకి జరుగుతుంది. కొన్నేళ్ళకు ఎవరూ తట్టెడు మట్టి మోయకుండానే అక్కడ మెట్టు తయారవుతుంది.

దీనికి ఒకే ఒక్క షరతు, వరుసలో ఖాళీ ఉండకూడదు. ఒక్క చోట మూరెడు సందు ఉందంటే ఆగిన నీళ్ళన్నీ అందులోంచే దూకుతాయి. అప్పుడు వరుస లేనప్పటికన్నా ఎక్కువ కోత పడుతుంది. పిలకల మధ్య జానెడు కన్నా తక్కువ, పది పదిహేను సెంటీమీటర్లే ఉండాలి. రెండు మూడు పిలకలను కలిపి ఆకు జానెడుకు కత్తిరించి, వేరును నాలుగు వేళ్ళంత ఉంచి, తొలకరిలో వాలుకు అడ్డంగా నాటాలి. వాలు వెంబడి నాటితే అది కాలవే. మొదటి ఏడు పశువుల నుంచి కాపాడి, చచ్చిన చోట మళ్ళీ నాటి, మోకాలెత్తున కోస్తూ ఉంటే రెండు మూడేళ్ళకు వరుస మూసుకుంటుంది.

మన ప్రాజెక్టుల్లో పోయింది సరిగ్గా ఈ రెండు మూడేళ్ళ దగ్గరే అని నా అభిప్రాయం. నాటిన రోజు ఫొటోలు ఉంటాయి. ఖాళీలు పూడ్చిన రోజు ఫొటోలు ఎవరూ తీయరు. పైగా రైతు వైపు నుంచి చూస్తే ముదిరిన ఆకు గేదె ముట్టదు, గింజ రాదు, డబ్బు రాదు. వాన దంచికొట్టిన రాత్రి తప్ప దాని విలువ కళ్ళకు కనపడదు.

అందుకే ఎవరో ఒకరు "ఎలాగూ ఉంది కదా, వేళ్ళు తవ్వి అమ్ముకో" అంటారు. ఇప్పుడు హైతీ. ప్రపంచపు వట్టివేరు నూనెలో సగానికి పైగా ఆ చిన్న దేశం నుంచే వస్తుంది. లె కాయ్ పట్టణం చుట్టుపక్కల బీద రైతులు కొండవాలుల మీద పండిస్తారు. డబ్బు అవసరం పడితే వేరు పూర్తిగా ముదరకముందే గుద్దలితో తవ్వేస్తారు. తవ్విన వాలు వదులుగా పడి ఉంటుంది, వాన వస్తే మట్టి సముద్రంలోకి. నేలకోతను ఆపుతుందని పేరుపడ్డ గడ్డే అక్కడ నేలకోతకు కారణాల్లో ఒకటైంది. మొక్క తప్పు ఏమీ లేదు. దాన్ని నాటడం నేలను కాపాడదు, నాటి వదిలేయడం కాపాడుతుంది.

కుండలో వేసే ముందు

మురుగు సంగతి ఇంకా సున్నితం. ఆస్ట్రేలియాలో పాల్ ట్రువాంగ్, ఆయన తర్వాత చైనా, థాయ్‌లాండ్, వియత్నాంలలో చాలామంది వట్టివేరును చెత్తకుప్పల ఊటనీటి మీద, గని వ్యర్థాల మీద, పందుల ఫారాల మురుగు మీద పరీక్షించారు. నత్రజని, భాస్వరం ఆకలిగా తాగేస్తుంది. లోహాల దగ్గర మాత్రం దానికో అలవాటుంది. ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం, పాదరసం లాంటివాటిని పీల్చుకుంటుంది గానీ వాటిలో చాలాభాగాన్ని వేరులోనే దాచుకుంటుంది. ఆకులోకి పోయేది కొద్దిశాతమే.

పర్యావరణవాళ్ళకు ఇది శుభవార్త. ఆకు పశువు తిన్నా విషం అంతగా పాకదు. మనకు మాత్రం ఇది తలకిందులు. మనం వాడుకునేది వేరునే కదా! శుభ్రమైన పలచటి గుడ్డలో వేరు మూట కట్టి కుండలో వేస్తాం, ఆ నీళ్ళు పిల్లలకు పడతాం. ఊరి మురుగులో పండిన వేరూ, ఏటి ఇసుకలో పండిన వేరూ కొట్లో ఒకేలా కనిపిస్తాయి, ఒకేలా వాసన వస్తాయి. ఎక్కడ పండిందో తెలియని వేరును తాగేనీళ్ళలో వేయడం నేను మానేశాను. స్నానాల గదిలో వేలాడదీస్తాను, బట్టల బీరువాలో పెడతాను, అంతే.

కుండలోకి మా ఇంటి డ్రమ్ములోదే వాడతాను. పాత నీలంరంగు డ్రమ్మును సగానికి కోసి, అడుగున బెజ్జాలు పెట్టి, మూడొంతుల ఇసుక, ఒక వంతు ఎరువు నింపి నాలుగు పిలకలు నాటాను. పద్నాలుగు నెలలకు డ్రమ్మును పక్కకు దొర్లించి నీళ్ళ పైపు పెట్టాను. ఇసుక కారిపోతుంటే లోపల ముసలామె జడలాంటిది బయటపడింది. పైన గోధుమరంగు, చివర్లకు తెలుపు. తెల్లటి లేత వేళ్ళను నలిపితే పచ్చిగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. పెన్సిల్ రీఫిల్ మందమున్న గోధుమరంగు వేళ్ళను నలిపితే అసలు వాసన, తొలకరికి మట్టిగోడ తడిసినట్టు. తొందరపడి తవ్వితే ఎందుకు నష్టమో ఆ రెండు రంగుల్లోనే తెలిసింది. కడిగి నీడలో ఆరబెడితే గుప్పెడున్నర వచ్చింది. ఎండలో ఆరబెట్టకండి, సువాసన సగం మేడమీదే పోతుంది.

ఆ వాసన వేరు ఒక్కదాని పనే అనుకుంటాం. ఇటలీ పరిశోధకులు వేరులోపల నివసించే బ్యాక్టీరియాను పట్టుకుని, నూనె తయారీలో వాటికీ చేయి ఉందని 2008లో చూపించారు. ల్యాబులో సూక్ష్మజీవులు లేకుండా పెంచిన మొక్కల్లో నూనె నామమాత్రంగానే ఉంటుంది. ఒక్కో నేల వేరుకు ఒక్కో వాసన ఉండటంలో నేల సూక్ష్మజీవులకూ వాటా ఉందనిపిస్తుంది.

తాగడంలాగే తడికలదీ పాత వాడకమే. అక్బరు కాలంలో వెదురు చట్రాల్లో ఈ వేరు కూర్చి గదులు కట్టి, బయట నీళ్ళు చల్లేవాళ్ళని, నడివేసవిలో లోపల చలికాలంలా ఉండేదని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాశాడు. ఇందులో మాయ లేదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ళ వేడి కావాలి. 1500 వాట్ల హీటరు దాదాపు అరగంట ఇచ్చేంత వేడి అది. గాలి ఆ వేడిని ఇచ్చి చల్లబడుతుంది. గాలి పొడిగా ఉంటేనే ఈ బేరం కుదురుతుంది. కర్నూలులో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం తడిక బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మచిలీపట్నంలో ఉక్కపోతకు ఇంకాస్త తడి కలుపుతుంది, అంతే. ఇంకోటి, కూలరు కొట్లో 'గడ్డి' అని అమ్మేది చాలాసార్లు గడ్డే కాదు, చెక్క చివ్వులు. పచ్చరంగు వేస్తే ఖస్ అయిపోదు.

లక్షల లెక్క

ఇక మా వాడి లక్షలు. లక్నోలోని సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ నూనె కోసం కేఎస్-1, ధారిణి, గులాబీ, కేసరి, సిమ్-వృద్ధి లాంటి రకాలు తెచ్చింది. సుగంధ పంటల సాగు పెంచడానికి 2017లో మొదలైన అరోమా మిషన్‌లో వట్టివేరూ ఒక పంట. పంటగా ఇది దండగ అని నేను అనను. వీడియోలు దాటేసే మెట్లు కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను.

ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళ ఎండు వేళ్ళు వచ్చాయనుకుందాం. రకాన్నిబట్టి, వయసునుబట్టి, తీసే పద్ధతినిబట్టి నూరు కిలోలకు అరకిలో నుంచి ఒకటిన్నర కిలో నూనె. అంటే నాలుగు నుంచి పన్నెండు కిలోలు. ఒకే పొలంలో మూడింతల తేడా! వీడియోలో ఎప్పుడూ పన్నెండే ఉంటుంది. అదీ దగ్గర్లో బట్టీ ఉండి, రోజంతా ఆవిరి పట్టేంత కట్టెలు ఉంటే. వేరుగానే అమ్ముదామంటే కొనేవాడు ముందే కుదరాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర నేల ఆగాలి. అన్నిటికన్నా పెద్ద ఖర్చు తవ్వకం. నల్లరేగడిలో ఇది పీడకల. వేరు తెగిపోతుంది, ఉన్నదానికి మట్టి వదలదు. తమిళనాడులో కడలూరు తీరపు ఇసుకలో సాగు నిలబడిందంటే కారణం ఇదే, ఇసుకలో వేరు పొడవుగా, శుభ్రంగా వస్తుంది. మన కోస్తా ఇసుక దిబ్బల్లోనూ అందుకే ఆశ ఉంది. అద్దంకి ఏటవాలు ఎర్రనేలలో ఆ ఆశ లేదు.

వాడికి అదే చెప్పాను. "అయితే వద్దంటావా?" అన్నాడు. "వద్దనట్లేదురా, మూడు చోట్ల మూడు లెక్కలు పెట్టుకో" అన్నాను. ఆగస్టులో నాలుగొందల కుదుళ్ళకు సరిపడా పిలకలు తెప్పించి పైగట్టున అరవై మీటర్ల వరుస వేశాడు, అది తవ్వేది కాదు. కింద మురుగు ఆగే చోట ఇంకో రెండు వరుసలు. ఆ ఆకు కోసి బత్తాయి పాదుల్లో పరుస్తున్నాడు, వేరు జోలికి పోనని మాటిచ్చాడు. బోరు పక్కన ఇసుక నింపిన డ్రమ్ములు రెండు, ఇంటి వాడకానికి. లక్షల మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్టోబరు వానల తర్వాత మళ్ళీ ఫోన్. "బావా, గట్టు ఆగింది గానీ పక్కోళ్ళ గేదె పడి మూడు చోట్ల లాగేసింది. ఎంతలే, జానెడు జానెడు సందులు."

"నీళ్ళు ఎక్కడ దూకాయి?"

కాసేపు మాట్లాడలేదు. "ఆ సందుల్లోంచే" అన్నాడు.

డ్రమ్ముల్లోంచి పిలకలు తీసి ఆ సాయంత్రమే పెట్టమన్నాను.